రాత్రి రెండింటికి వంటింట్లో ఉన్నదెవరో ముందు తెలియాలి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. నాకు పౌరసత్వం వచ్చింది, నా భార్యకు గ్రీన్ కార్డు ఉంది. పిల్లలకు పదకొండు, ఆరేళ్లు. హెచ్-1బి మీద ఉన్న మా తమ్ముడు కూడా మాతోనే ఉంటాడు. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారు. మా వీధిలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో బంగారం పోయిన దగ్గర్నుంచి టెన్షన్ పెరిగి, 12 గేజ్ (బారెల్ వెడల్పు కొలత) మాస్‌బర్గ్ 590 పంప్ షాట్‌గన్ కొన్నాను. దానికి ఏ లైటు పెట్టించుకోవాలి? తూటాల సంగతి కూడా చెప్పండి. బర్డ్‌షాట్, అంటే సన్న గుండ్ల తూటా, వేసుకుంటే గోడలు దాటదు, పక్క గదిలో పిల్లలకు ప్రమాదం ఉండదు అని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? నా భార్య ఒక్కసారి పేల్చి భుజం నొప్పెట్టిందని మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఆమెకు ఏం చేయమంటారు?

జవాబు: మీరు తూటాల గురించి ఎక్కువ అడిగారు. నేను లైటు గురించి ఎక్కువ చెబుతాను. తూటా మంచిదా కాదా అన్న ప్రశ్న ఎదురుగా ఉన్నది ఎవరో తెలిశాకే వస్తుంది. ఆ తెలియడం మీ ఇంట్లో, ముఖ్యంగా వచ్చే నెల నుంచి, అంత తేలిక కాదు.

వేసవిలో డాలస్‌కూ గుంటూరుకూ పదిన్నర గంటల తేడా. మీకు రాత్రి రెండయితే మీ నాన్నగారి ఒంటికి మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనాల వేళ. వచ్చిన మొదటి రెండు వారాలు ఆయన ఆ టైముకి లేస్తారు. ఆకలేస్తుంది. పిల్లలకు నిద్రాభంగం కాకూడదని లైటు వేయరు, అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వెళతారు, అలవాటు లేని తలుపులూ డ్రాయర్లూ ఒక్కొక్కటే తెరిచి చూస్తారు. గాలి కోసం వెనక తలుపు తీసినా తీస్తారు. మీరు పైన మంచం మీద నుంచి వింటే అది అచ్చం దొంగ చేసే చప్పుడే. ఇక ఆలస్యంగా ఇంటికొచ్చే తమ్ముడు ఉండనే ఉన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే మీరు పిలిచినా అతనికి వినపడదు.

1992 అక్టోబరు 17న లూసియానాలోని బాటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ల జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకి బయల్దేరి, పొరపాటున వేరే ఇంటి తలుపు కొట్టాడు. ఆ ఇంటాయన తుపాకీతో బయటికొచ్చి కాల్చడంతో ఆ కుర్రాడు చనిపోయాడు. క్రిమినల్ కోర్టులో జ్యూరీ ఆ ఇంటాయనను నిర్దోషి అంది. సివిల్ కోర్టు మాత్రం తప్పు ఆయనదేనని తేల్చి, పరిహారం కట్టమంది. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లిన రాల్ఫ్ యార్ల్ అనే పదహారేళ్ల అబ్బాయి తప్పు అడ్రసుకి వెళ్లి బెల్ కొట్టాడు. ఆ ఇంట్లోని వృద్ధుడు తలుపు అద్దంలోంచే కాల్చాడు. ఆ అబ్బాయి బతికి బయటపడ్డాడు. రెండుచోట్లా తుపాకీ బాగానే పనిచేసింది, తూటా కూడా బాగానే పనిచేసింది. ఎదురుగా ఉన్నది ఎవరో, ఎందుకొచ్చారో తెలుసుకునే పనే జరగలేదు.

అందుకని తుపాకీకి లైటు కొనే ముందే మూడు పనులు చేయండి. మెట్లకీ, వంటింటికీ, బాత్‌రూమ్ దారికీ మనిషి కదిలితే వెలిగే ప్లగ్ లైట్లు పెట్టండి, వాటికి పెద్ద ఖర్చేమీ కాదు. కింద హాల్లో లైటు మీ పడకగదిలోంచే, ఫోన్ మీద గానీ రిమోట్ మీద గానీ వెలిగేలా స్విచ్చి మార్పించండి. ఇక మూడోది, మంచం పక్కన చేతిలో పట్టుకునే మంచి టార్చి ఒకటి ఎప్పుడూ ఉండాలి. తుపాకీ మీద లైటు ఉన్నా సరే ఇది ఉండి తీరాలి. ఎందుకంటే తుపాకీకి బిగించిన లైటు ఎటు తిరిగితే బారెల్ కూడా అటే తిరుగుతుంది. దాంతో ఎవరి ముఖం చూడాలన్నా, ఆ ముఖం మీదికి నిండు తుపాకీ ఎత్తినట్టే. కన్నతండ్రిని గుర్తుపట్టడానికి ఎవరూ ఆ పని చేయకూడదు. చూడటానికి టార్చి వాడండి. తుపాకీ మీది లైటు, ప్రమాదం ఉందని ఖాయమయ్యాక రెండు చేతులూ తుపాకీ మీదే ఉండాల్సి వచ్చిన క్షణానికి.

ఇంకో మాట. గట్టిగా తెలుగులో పిలవండి. "ఎవరది? నాన్నా, మీరేనా?" అంటే మీ ఇంట్లోవాళ్లు తెలుగులోనే పలుకుతారు. ఆ పిలుపుకి జవాబు రావాలన్న సంగతి అమ్మానాన్నలకూ, తమ్ముడికీ, పిల్లలకూ ముందే చెప్పి ఉంచండి. జవాబు రాకపోతే దొంగ అని కాదు, ఇంకా చూడాలని అర్థం. ముందు ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో లెక్క తేలాలి. తమ్ముడికి ఫోన్ చేయండి, పిల్లలను మీ గదిలోకి తెచ్చుకోండి, 911కి చేయండి.

ఇప్పుడు తుపాకీ మీద బిగించే లైటు. 590 లాంటి పంప్ తుపాకీకి లైటు ఫోరెండ్‌లోనే, అంటే ముందుకూ వెనక్కూ లాగే పిడిలోనే ఉండటం మేలు. ఆ చెయ్యి ఎలాగూ అక్కడే ఉంటుంది కాబట్టి స్విచ్చి కోసం వెతకక్కర్లేదు. బారెల్‌కి క్లాంపుతో బిగించే లైట్ల నుంచి తీగ లాగి పిడి మీద స్విచ్చి అతికిస్తే, పంప్ చేసిన ప్రతిసారీ ఆ తీగ అడ్డొస్తుంది, తెగుతుంది. నేను ఆ దారి వద్దంటాను. ఫోరెండ్ లైట్లలో రెండు పేర్లు గట్టివి: స్ట్రీమ్‌లైట్ టీఎల్-రాకర్, ష్యూర్‌ఫైర్ డీఎస్ఎఫ్. మీరు అడిగేది ఒక్క పేరే అయితే టీఎల్-రాకర్ అంటాను. 1000 ల్యూమెన్ల వెలుగు, రెండు సీఆర్123ఏ బ్యాటరీలు, పిడికి రెండు వైపులా పొడవాటి స్విచ్చిలు. ష్యూర్‌ఫైర్ ధర దానికి రెండింతలు పైనే. అది మంచిదే, కానీ ఆ తేడా డబ్బు శిక్షణకు పెడితే మీకు ఎక్కువ పనికొస్తుంది. 590లో ఫోరెండ్ బిగించే ట్యూబు పొడవు మోడల్‌ను బట్టి మారుతుంది. మీ దాని పొడవు కొలుచుకుని, దానికి సరిపోతుందో లేదో చూసి కొనండి. పాత ఫోరెండ్ విప్పడానికి ప్రత్యేకమైన రెంచి కావాలి. అది లేకపోతే గన్‌స్మిత్‌కి ఇస్తే కాసేపట్లో చేసిస్తాడు.

ల్యూమెన్లంటే మొత్తం వెలుగు ఎంతో, క్యాండెలా అంటే ఆ వెలుగు ఒకచోట ఎంత బిగువుగా పడుతుందో చెప్పే లెక్క. పొలంలో దూరాన ఉన్నది చూడాలంటే క్యాండెలా ఎక్కువ కావాలి. మీ ఇంట్లో అతి పొడవైన దూరం ముప్పై నలభై అడుగులు మించదు. అక్కడ వెడల్పుగా పరుచుకునే వెలుగే మంచిది, ఎందుకంటే మనిషి ముఖంతో పాటు రెండు చేతులూ ఒకేసారి కనిపించాలి. చేతిలో ఉన్నది కత్తా, కాఫీ గ్లాసా అన్నది అక్కడే తేలుతుంది. తెల్లరంగు గోడల మీద 1000 ల్యూమెన్లు తిరిగి మీ కళ్లలోనే కొడతాయి. కాబట్టి లైటు బిగించాక, తుపాకీలోనూ ఆ గదిలోనూ ఒక్క షెల్ (షాట్‌గన్ తూటా) కూడా లేదని రెండుసార్లు చూసుకుని, ఇంట్లో అందరినీ బయటికి పంపి, ఒక రాత్రి వెలిగించి చూడండి. బారెల్ నేల వైపు ఉంచి వెలిగించినా గది మొత్తం కనపడేంత వెలుతురు వస్తుందని మీకే తెలుస్తుంది. మనిషి మీదికి ఎత్తకుండానే మనిషిని చూడవచ్చు. మిణుక్కుమిణుక్కుమనే స్ట్రోబ్‌లూ, ఆకుపచ్చ లేజర్లూ మీకు అక్కర్లేదు. పేరూ ఊరూ లేని ముప్పై డాలర్ల లైట్ల జోలికి అసలు పోకండి. 12 గేజ్ దెబ్బకి లోపల బ్యాటరీ కదిలి లైటు ఆరిపోతుంది.

ఇక మీ స్నేహితుడి బర్డ్‌షాట్ మాట. ఆయన చెప్పినదాంట్లో ఉద్దేశం మంచిది, లెక్క తప్పు.

మన ఊళ్లో ఇంటి గోడంటే ఇటుక, సిమెంటు. అమెరికా ఇళ్లలో లోపలి గోడంటే నిలువు కర్రలకు (స్టడ్లకు) రెండు వైపులా కొట్టిన అర అంగుళం డ్రైవాల్ షీట్లు, మధ్యలో ఖాళీ. మేకు సులువుగా దిగిపోయే జిప్సం పలక అది. గది ఈ చివర నుంచి ఆ చివరి గోడ మీద పేలిస్తే బర్డ్‌షాట్ కూడా ఆ గోడను దాటగలదు. కాబట్టి పక్కగదిలో పిల్లలకు ప్రమాదం లేదన్న మాట నిజం కాదు. రెండోవైపు, అవి ఆవగింజంత గుండ్లు, పిట్టల కోసం చేసినవి. పోలీసు తూటాలను జెలటిన్ దిమ్మలో పరీక్షించేటప్పుడు ఎఫ్‌బీఐ కోరేది 12 నుంచి 18 అంగుళాల లోతు. సన్న బర్డ్‌షాట్ అందులో సగం దాటడమే కష్టం. పైపైన ఘోరమైన గాయం చేస్తుంది, దాడి చేసే మనిషిని మాత్రం కచ్చితంగా ఆపలేదు. అంటే మీ పిల్లలకు రక్షణా లేదు, మీకూ లేదు. బర్డ్‌షాట్ ప్రాక్టీసుకి వాడండి. చవక, తన్నడమూ తక్కువ.

ఇంట్లో ఉంచుకోవాల్సింది బక్‌షాట్, అంటే పెద్ద గుండ్ల షెల్. 12 గేజ్‌లో అందరూ వాడేది డబుల్ ఆట్ (00), ఒక్కో గుండు 0.33 అంగుళం, ఒక షెల్‌లో ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. మామూలు బక్‌షాట్ గజం దూరానికి సుమారు అంగుళం చొప్పున పరుచుకుంటూ పోతుంది. పది గజాల్లో పది అంగుళాలు. ఒకటి రెండు గుండ్లు ఇంకా పక్కకు పోవచ్చు. ఆ పక్కకు పోయిన గుండు మీ డ్రైవాల్ దాటి ఎక్కడికి వెళుతుందో దానికి మీరే జవాబుదారీ. అందుకే నేను ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ వ్యాడ్ ఉన్న షెల్స్ వైపు మొగ్గుతాను. గుండ్లను పట్టుకుని ఉండే ఆ ప్లాస్టిక్ గిన్నె బారెల్ దాటాక కూడా కొంతదూరం వాటిని విడిపోనివ్వదు, ఇంట్లో దూరాలకు గుండ్లన్నీ దాదాపు ఒకేచోట పడతాయి. హార్నడీ కంపెనీ వెర్సటైట్ వ్యాడ్ కూడా అదే పని చేస్తుంది. దొరికితే ఎనిమిది గుండ్లది తీసుకోండి. తొమ్మిదో గుండే తరచుగా దారి తప్పుతుందని చాలామంది శిక్షకులు చెబుతారు. వేగం సెకనుకు 1145 అడుగులున్న తక్కువ రికాయిల్ రకం, అంటే వెనక్కి తక్కువగా తన్నేది, చాలు. 1600 అడుగుల రకాలు భుజాన్ని తంతాయి, ఇంట్లో దూరాలకు అదనంగా ఇచ్చేదేమీ లేదు. స్లగ్, అంటే ఒకే పెద్ద సీసపు ముద్ద, మీ కాలనీలో వద్దే వద్దు. మామూలు షెల్ కన్నా పొడవైన మూడు అంగుళాల మ్యాగ్నమ్ కూడా వద్దు.

బక్‌షాట్ గోడలు దాటుతుంది, అందులో సందేహం లేదు. మనిషిని ఆపగలిగే ఏ తూటా అయినా డ్రైవాల్‌ను దాటుతుంది. దీనికి మందు తూటాలో లేదు, మీరు నిలబడే చోటులో ఉంది. ఒక ఆదివారం పగలు, తుపాకీ లేకుండా, టేపు పట్టుకుని ఇల్లంతా తిరగండి. మీ పడకగది తలుపు దగ్గర నిలబడి చూస్తే సూటిగా ఎదురు గోడ వెనక ఏముంది? పిల్లల మంచమా? అమ్మానాన్నలకు ఏ గది ఇస్తున్నారు? డాలస్ చుట్టుపక్కల ఇళ్లకు ముందువైపు ఇటుక ఉన్నా, పక్కవైపు, పైఅంతస్తులో చాలాచోట్ల పలచటి పలకలు కొట్టిన సైడింగే. పక్కింటివాళ్ల పడకగది కిటికీ పది పదిహేను అడుగుల్లోనే ఉంటుంది. మీ ఇంట్లో మెట్ల పైనుంచి కిందికి చూసే చోటు ఒకటి ఉంటే, కోణం బాగా కిందికి ఉంటే, అక్కడ గుండ్లు పోయేది కాంక్రీటు స్లాబ్‌లోకి. అది ఉన్నంతలో మంచి దిక్కు. పిల్లలను మీ వెనక గదిలోకి చేర్చుకుని ఆ మెట్ల తల దగ్గర ఆగిపోవడమే మీ పథకం కావాలి. కిందికి దిగి గది గదీ వెతకడం శిక్షణ ఉన్న పోలీసులు కూడా ఒంటరిగా చేయడానికి ఇష్టపడని పని. అమ్మానాన్నలకు కింది గది ఇవ్వాలనుకుంటే ఈ పథకం మొత్తం కూలిపోతుంది. మోకాళ్ల నొప్పులు లేకపోతే వాళ్లనూ పై అంతస్తులోనే ఉంచండి.

ఇంట్లో మీ అతి పొడవైన దూరం ఎంతో తేలాక, అదే దూరంలో షూటింగ్ రేంజిలో పెద్ద కాగితం కట్టి, మీరు ఎంచుకున్న షెల్‌ను ఐదారు సార్లు పేల్చి ప్రతి గుండూ ఎక్కడ పడిందో లెక్కపెట్టండి. ఒకే షెల్ రెండు తుపాకుల్లో రెండు రకాలుగా పడుతుంది. పెట్టె మీద రాసినదాన్ని నమ్మకండి, మీ కాగితాన్ని నమ్మండి.

మీ భార్య భుజం నొప్పికి చాలాసార్లు కారణం తుపాకీ పొడవు. మామూలు మాస్‌బర్గ్ స్టాక్, అంటే భుజానికి ఆనించే పిడి, ట్రిగ్గర్ నుంచి దాదాపు 14 అంగుళాలు, ఐదడుగుల మనిషికి అది చాలా ఎక్కువ. మాగ్‌పుల్ ఎస్‌జీఏ స్టాక్ 12.5 నుంచి 14.5 అంగుళాల వరకు మార్చుకోవచ్చు. దాన్ని కురచగా పెట్టి, బర్డ్‌షాట్‌తో మొదలుపెట్టి, ముందు చెయ్యి ముందుకి నెడుతూ వెనక చెయ్యి వెనక్కి లాగుతూ పట్టుకోవడం ఒక మంచి శిక్షకురాలి దగ్గర నేర్చుకోమనండి. భయంలో పంపును సగమే లాగి ఆపేయడం కొత్తవాళ్లందరికీ జరుగుతుంది. డమ్మీ షెల్స్‌తో సాధన చేస్తేనే అది పోతుంది. అప్పటికీ ఆమెకు ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి, 911తో మాట్లాడటం, పిల్లలను చేర్చడం ఆమె చేస్తారు. ఆమె కోసమని 20 గేజ్ తుపాకీ కొనే ఆలోచన వస్తే మాత్రం ఒక జాగ్రత్త. 20 గేజ్ షెల్ 12 కన్నా సన్నది కాబట్టి 12 గేజ్ బారెల్‌లోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక 12 పేలిస్తే బారెల్ చేతుల్లోనే పగులుతుంది. 20 గేజ్ షెల్స్ పసుపురంగులో చేసేది అందుకే. ఒకే ఇంట్లో రెండు గేజులు పెట్టకపోవడమే మంచిది.

మీ ఉత్తరంలో మీరు అడగని విషయం నన్ను ఎక్కువ కంగారు పెట్టింది, అది మీ తమ్ముడి వీసా. హెచ్-1బి అయినా, ఎఫ్-1 అయినా, మీ అమ్మానాన్నల బి-2 అయినా, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, ఒక్క షెల్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, సెక్షన్ 922(జి). అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ అది లాయరుతో మాట్లాడకుండా ఆధారపడాల్సిన విషయం కాదు. శిక్ష పదేళ్ల వరకు ఉండేది, 2022లో దాన్ని పదిహేనేళ్లకు పెంచారు. ఆపైన దేశం నుంచి పంపేస్తారు. చేతిలో పట్టుకోవడమే కాదు, కావాలన్నప్పుడు తీసుకోగలిగేలా అతని అదుపులో ఉన్నా అది స్వాధీనం కిందికే రావచ్చు. కాబట్టి తుపాకీ సేఫ్ నంబరు మీకూ మీ భార్యకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. "అన్నయ్య లేనప్పుడు అవసరమైతే తీసుకో" అన్న మాట ప్రేమతో అన్నా అతని కెరీర్ పోతుంది. దానితో ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా వద్దు.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. టెక్సస్ పీనల్ కోడ్ 46.13 ప్రకారం పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి నిండు తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం. అల్మరా పైన, మంచం కింద, చీరల వెనక అంటే దాచినట్టు కాదు. పదకొండేళ్ల పిల్లవాడికి ఇంట్లో తెలియని మూల ఉండదు. బటన్లతో త్వరగా తెరుచుకునే, గోడకు బోల్టులతో బిగించిన సేఫ్ కొనండి. మ్యాగజైన్ ట్యూబులో, అంటే షెల్స్ వరుసగా నింపే గొట్టంలో, షెల్స్ ఉండొచ్చు, చాంబర్, అంటే పేలడానికి సిద్ధంగా షెల్ ఉండే చోటు, మాత్రం ఖాళీగా ఉండాలి. చాలా షాట్‌గన్లు నిండు చాంబర్‌తో కిందపడితే పేలే అవకాశం ఉంది. అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు కొత్తగా కొన్న తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త 2024 నవంబరులో మన పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. తుడవడానికి కూర్చునేముందు షెల్స్ వేరే గదిలో పెట్టి రండి, చాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి మరీ మొదలుపెట్టండి.

బంగారం కోసమైతే ఈ తుపాకీ పెద్దగా పనికిరాదు. మన ఇళ్లలో బంగారం కోసం వచ్చేవాళ్లు చాలావరకు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకునే వస్తారు, అప్పుడు తుపాకీ కూడా వాళ్లకే దొరుకుతుంది. నగలు బ్యాంకు లాకరులో పెట్టండి. తలుపు గొళ్లెం దిగే ఇనప పలకకు మూడంగుళాల స్క్రూలు వేయించండి. ఇంట్లోకి బలవంతంగా చొరబడినవాడి నుంచి ప్రాణరక్షణకు టెక్సస్ చట్టం గట్టి అండే ఇస్తుంది. రాత్రిపూట దొంగతనం విషయంలో ఆస్తి కోసం కూడా కొన్ని షరతులతో అవకాశం ఇస్తుంది. కానీ వడ్డాణం పట్టుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చమని నేను ఎవరికీ చెప్పను. వాణ్ని పోనివ్వండి.

లైటు బ్యాటరీలు ఏడాదికోసారి, వెలుగుతున్నా సరే, మార్చేయండి. మ్యాగజైన్‌లో నెలల తరబడి స్ప్రింగు ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ షెల్స్ నొక్కుకుపోతాయి. కొన్ని నెలలకోసారి వాటిని తీసి రేంజిలో పేల్చేసి కొత్తవి వేయండి. సేఫ్‌లోనే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్ ఒక జత పెట్టండి. నాలుగు గోడల మధ్య షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, వినికిడి తిరిగి రాదు. ఆ మఫ్స్ చిన్న చప్పుళ్లను పెద్దవి చేసి వినిపిస్తాయి కూడా, కింద దగ్గింది మీ నాన్నగారో కాదో పోల్చుకోవచ్చు.

911కి చేసినప్పుడు ఫోన్ పెట్టేయకండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లున్నారని, మీ దగ్గర తుపాకీ ఉందని, మీరు ఏ బట్టల్లో ఏ గదిలో ఉన్నారో చెప్పండి. పోలీసులు లోపలికి వచ్చే ముందే తుపాకీని ఖాళీ చేసి సేఫ్‌లోనో నేల మీదో పెట్టేసి, చేతులు ఖాళీగా కనపడేలా ఉంచి వాళ్లు చెప్పినట్టు చేయండి.